యూనియన్‌లో ప్రత్యేకాధికారిని పెట్టారు, ధర్నాకి వెళ్ళాలా?

ప్రశ్న: అన్నా నమస్తే. మా ఫ్యాక్టరీలో పెద్ద యూనియన్ అంటే ఒకటే. మా జనరల్ సెక్రటరీ యూనియన్ ఫండ్ తిన్నాడని, కాంట్రాక్టర్ల దగ్గర డబ్బులు తీసుకున్నాడని ఆరోపణలు వచ్చాయి, అందులో కొంత నిజమేనని మాక్కూడా తెలుసు. అయితే పోయిన నెల గవర్నమెంట్ కమిటీ మొత్తాన్ని రద్దు చేసి ఒక ప్రత్యేకాధికారిని పెట్టింది. ఏ తప్పూ చేయని మా డిపార్ట్‌మెంట్ ప్రతినిధుల్ని కూడా తీసేశారు. ఆఫీసు తలుపుకి నోటీసు అంటించి తాళం మార్చారు, జీతంలో చందా మాత్రం కట్ అవుతూనే ఉంది. వేతన ఒప్పందం గడువు దగ్గరపడింది. పాత లీడర్ మనుషులు వచ్చే వారం పని ఆపి ధర్నాకి రమ్మంటున్నారు, రాకపోతే ద్రోహివి అంటున్నారు. ఇంకో గ్రూపేమో దొంగలు పోయారు, మంచిదే అయింది అంటోంది. ఇంట్లో వాళ్ళకి నా ఉద్యోగం పోతుందని భయం. ధర్నాకి వెళ్ళాలా వద్దా? చందా ఆపేయాలా? నా పక్క మెషిన్ మీద చేసే అతన్ని సస్పెండ్ చేస్తే యూనియన్ లాయరే కేసు చూస్తున్నాడు, ఇప్పుడు అతని సంగతేంటి?

జవాబు: తమ్ముడూ, సూటిగా చెప్పేస్తా. ధర్నాకి వెళ్ళు. కానీ వచ్చే వారం వాళ్ళు పిలుస్తున్న ఆ ధర్నాకి, ఆ పద్ధతిలో, పని ఆపేసి మాత్రం ఇప్పుడే వెళ్ళకు. రెండింటికీ తేడా ఏంటో చెప్తా, కాస్త ఓపిగ్గా చదువు.

నీ ఉత్తరంలో రెండు గొడవలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, సెక్రటరీ తిన్నాడా లేదా. రెండోది, మీ యూనియన్‌ని ఎవరు నడపాలి. మొదటిది పోలీసులు, ఆడిటర్లు, కోర్టు తేల్చే పని, అతను తిని ఉంటే కేసు పెట్టనీ, శిక్ష వేయనీ, దానికి నువ్వు అడ్డం పడక్కర్లేదు, బాధ పడక్కర్లేదు. రెండోది మాత్రం నీది, చందా కట్టే ప్రతి ఒక్కడిదీ. ఒక బ్యాంకు మేనేజర్ డబ్బు కాజేస్తే అతన్ని పట్టుకుంటారు గానీ ఖాతాదారుల పాస్‌బుక్కులన్నీ లాక్కుపోరు కదా. మీ దగ్గర జరిగింది చూస్తే ఆ పాస్‌బుక్కులు లాక్కుపోయినట్టే ఉంది, ఎందుకంటే తప్పు చేసినవాడితో పాటు నువ్వు ఓటేసి ఎన్నుకున్న డిపార్ట్‌మెంట్ ప్రతినిధి కూడా పోయాడు, అతని మీద ఏ ఆరోపణా లేకపోయినా.

అలాగని గవర్నమెంట్ యూనియన్ జోలికొస్తే చాలు అది కుట్రే అనుకోవడం కూడా తప్పే. లెక్కలు చూపించు, ఎన్నిక టైముకి పెట్టు, రహస్య ఓటు పెట్టు అని చట్టం అడగడం జోక్యం కాదు, నా దృష్టిలో అది నీలాంటి మామూలు సభ్యుడికి రక్షణే. అమెరికాలో టీమ్‌స్టర్స్ అని లారీ డ్రైవర్ల యూనియన్ ఉంది, మాఫియా చేతిలో ఇరుక్కుపోయిందని అక్కడి కేంద్ర న్యాయశాఖ కోర్టుకి వెళ్తే 1989లో ఒప్పందం కుదిరి కోర్టు పర్యవేక్షణ మొదలైంది. యూనియన్‌ని శుభ్రం చెయ్యాలని ఎప్పట్నుంచో కొట్లాడుతున్న సభ్యులు ఏమడిగారంటే, మమ్మల్ని గవర్నమెంట్ నడపొద్దు, పై పదవులకి మాకే నేరుగా ఓటు ఇప్పించు చాలు అన్నారు. అదే ఒప్పందంలోకి ఎక్కింది, 1991లో సుమారు 15 లక్షల మంది సభ్యులకి మొట్టమొదటిసారి తమ అధ్యక్షుణ్ణి తామే ఎన్నుకునే హక్కు వచ్చింది. ఆ పర్యవేక్షణ పూర్తిగా తొలగడానికి మాత్రం పాతికేళ్ళ పైనే పట్టింది, 2015లో గానీ ముగింపు ఒప్పందం కుదర్లేదు, దాని తర్వాత కూడా ఇంకో ఐదేళ్ళ గడువు పెట్టారు. చూడు, లోపలికి రావడం తేలికే, బయటికి పోవడమే కష్టం. మంచి ఉద్దేశంతో వచ్చినవాళ్ళ సంగతే ఇది.

ఇంకోటి దాదాపు నీ కథే. ఆస్ట్రేలియాలో సీఎఫ్‌ఎమ్‌ఈయూ అని ఒక పెద్ద యూనియన్, దాంట్లో బిల్డింగ్ పని వాళ్ళ విభాగం మీద 2024 జూలైలో క్రిమినల్ ముఠాలతో లింకులున్నాయని పేపర్లలో, టీవీలో వరసగా ఆరోపణలు వచ్చాయి. ఆగస్టుకల్లా పార్లమెంటులో స్పెషల్‌గా చట్టం చేసి, ఆ విభాగం మొత్తాన్ని ఒక అడ్మినిస్ట్రేటర్ చేతిలో పెట్టి, నాయకుల్ని మూకుమ్మడిగా తీసేశారు. చేసింది ఎవరనుకున్నావు, కార్మికుల పార్టీ అని పేరు పెట్టుకున్న లేబర్ పార్టీ ప్రభుత్వమే! ఆగస్టు 27న మెల్‌బోర్న్, సిడ్నీ, బ్రిస్బేన్ లాంటి సిటీల్లో వేల మంది పని ఆపి రోడ్ల మీదకొచ్చారు. వాళ్ళలో చాలామంది అన్నది మా నాయకులు దేవుళ్ళని కాదు, విచారణ లేకుండా, ఓటు లేకుండా మా యూనియన్‌ని ఎలా తీసుకుంటారని. కోర్టుకీ వెళ్ళారు, 2025 జూన్‌లో అక్కడి హైకోర్టు, అంటే వాళ్ళ దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టు, ఆ చట్టం చెల్లుతుందనే తీర్పు చెప్పింది. అంటే జనం వచ్చారు, గొంతు వినిపించారు, కానీ అడ్మినిస్ట్రేటర్ ఉన్నాడు అలాగే.

ఇందులో నువ్వు పట్టుకోవాల్సిన చిన్న విషయం ఒకటుంది. ఆ ర్యాలీ రోజు చాలామంది పనికి వెళ్ళకుండా వచ్చారు, అక్కడి చట్టం ప్రకారం రక్షణ లేని సమ్మె, అంటే చట్టం చెప్పిన పద్ధతి పాటించని సమ్మె చేస్తే, గంట సేపు పని ఆపినా సరే, యజమాని కనీసం 4 గంటల జీతం కట్ చెయ్యాలి, ఆయన దయతలచి ఇచ్చేద్దామనుకున్నా కుదరదు. నీ దగ్గర రూల్ వేరే ఉంటుంది, ఇంకా గట్టిగా కూడా ఉండొచ్చు. అందుకే పని ఆపి రమ్మన్నవాడిని ముందు అడగాల్సింది ఏంటంటే, సమ్మె నోటీసు ఇచ్చారా, ఎవరి పేరు మీద ఇచ్చారు? రద్దయిపోయిన కమిటీ పేరు మీద ఇచ్చిన నోటీసు చెల్లుతుందా? చెల్లకపోతే ఆ రోజు నీది సమ్మె కాదు, పర్మిషన్ లేని గైర్హాజరీ, మేనేజ్‌మెంట్‌కి కావాల్సింది సరిగ్గా అదే, యూనియన్ బలహీనంగా ఉన్న టైములో పదిమందిని ఏరి పడేయడానికి. ద్రోహివి అని తిట్టేవాళ్ళు ఆ రోజు నీకు జీతం ఇవ్వరు తమ్ముడూ.

మరి పని ఆపకుండా నిరసన చేస్తే దాన్ని ఎవడు పట్టించుకుంటాడు అంటావేమో. బ్రిటన్‌లో జీసీహెచ్‌క్యూ అని గూఢచార విభాగం ఆఫీసు, చెల్టెన్‌హామ్ అనే ఊళ్ళో. 1984 జనవరిలో థాచర్ ప్రభుత్వం అక్కడ యూనియన్లే ఉండకూడదని చెప్పేసింది, సభ్యత్వం వదులుకుంటే వెయ్యి పౌండ్లు ఇస్తామంది. చాలామంది తీసుకున్నారు, తీసుకున్నవాళ్ళని నేనేమీ అనను, ఇల్లు గడవాలి కదా. ఒప్పుకోనివాళ్ళలో 14 మందిని ఉద్యోగంలోంచి తీసేశారు. వాళ్ళ కోసం మిగతా యూనియన్లు చందాలు వేసుకున్నాయి, ఏటా జనవరిలో అదే ఊళ్ళో ఊరేగింపు తీశారు, ఒక ఏడాది కాదు రెండేళ్ళు కాదు, 1997లో ప్రభుత్వం మారి నిషేధం ఎత్తేసేదాకా. ఆ ఊరేగింపులతో మెషిన్లు ఆగలేదు, కానీ ఆ విషయాన్ని ఎవరూ మర్చిపోనివ్వలేదు. సెలవు రోజు, షిఫ్టు అయ్యాక, భోజనాల టైములో గేటు దగ్గర... ఇలా చేస్తే ఉద్యోగానికి ప్రమాదం తక్కువ, పైగా భయపడేవాళ్ళు కూడా వస్తారు, ఇంట్లో వాళ్ళు కూడా వస్తారు. తక్కువ మందితో పని ఆపడం కన్నా అందరూ బ్యాడ్జీ పెట్టుకుని పని చేయడం చాలాసార్లు మేనేజ్‌మెంట్‌కి ఎక్కువ గుబులు పుట్టిస్తుంది.

ఇంతకీ ఆ ధర్నాలో ఏమడుగుతున్నారు? నువ్వు ఉత్తరంలో అది రాయలేదు, నాకు అసలు అనుమానం అక్కడే. పాంప్లెట్‌లో మొదటి లైను "మా నాయకుణ్ణి వెంటనే మళ్ళీ పెట్టాలి" అని ఉంటే అది అతని ధర్నా, నీది కాదు. "ఫలానా తేదీలోపు ఎన్నిక పెట్టండి, ఆరోపణ లేని ప్రతినిధుల్ని వెంటనే తిరిగి తీసుకోండి, ఎన్నికైన కమిటీ వచ్చేదాకా వేతన ఒప్పందం మీద ఎవరూ సంతకం పెట్టొద్దు" అని ఉంటే అది నీది, అందులో ముందు వరసలో నిలబడు. దొంగలు పోయారు మంచిదైంది అంటున్న ఆ రెండో గ్రూపు వాళ్ళు కూడా ఈ మూడు డిమాండ్లని కాదనలేరు, వాళ్ళు ఎన్నిక వద్దంటే వాళ్ళకి ప్రత్యేకాధికారితో ఏదో అవసరం ఉన్నట్టే లెక్క.

డిమాండ్ ఇరుకుగా, తేల్చి చెప్పేలా ఉంటే ఎంత పని చేస్తుందో పోలండ్‌లో చూడు. 1980లో సాలిడారిటీ యూనియన్ వాళ్ళు రిజిస్ట్రేషన్‌కి వార్సా కోర్టులో తమ నిబంధనావళి ఇచ్చారు. అక్టోబర్ 24న జడ్జి రిజిస్టర్ చేశాడు, కానీ చేస్తూ చేస్తూ తనే ఆ కాగితంలో, అప్పుడక్కడ పాలిస్తున్న కమ్యూనిస్టు పార్టీ నాయకత్వ పాత్రని ఒప్పుకుంటున్నాం అన్న మాటలు చేర్చాడు, సమ్మె గురించిన భాగం తీసేశాడు. అంటే వాళ్ళు రాసుకున్న రూల్ బుక్కుని వాళ్ళని అడక్కుండా కోర్టు దిద్దింది! అప్పుడు వాళ్ళు ప్రభుత్వం దిగిపోవాలని అడగలేదు, మేము రాసింది మాకు అలాగే తిరిగివ్వండి అన్నారు, లేదంటే నవంబర్ 12న సమ్మె. నవంబర్ 10న సుప్రీంకోర్టు ఆ దిద్దుబాట్లు కొట్టేసింది, పార్టీ గురించిన మాటలు మెయిన్ నిబంధనల్లోంచి తీసి అనుబంధంలోకి పంపించారు, ఇద్దరి పరువూ దక్కింది. తర్వాత కథ అంత సాఫీగా లేదులే, 1981 డిసెంబర్ 13న సైనిక పాలన పెట్టారు, మరుసటి ఏడాది అక్టోబర్‌లో యూనియన్‌నే రద్దు చేశారు, మళ్ళీ చట్టబద్ధం అయ్యేసరికి 1989 ఏప్రిల్ వచ్చింది. కానీ ఆ నవంబర్లో గెలిచింది మాత్రం, ఏం కావాలో ఎవరికైనా ఒక్క ముక్కలో చెప్పగలిగారు కాబట్టే.

పని ఆపకుండా చేసుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, వాటికి ధర్నా దాకా ఆగక్కర్లేదు. ముందు ఆ తలుపుకి అంటించిన నోటీసు ఫోటో తీసుకో, చించేయకముందే. అందులో ఏ చట్టం, ఏ సెక్షన్ కింద చేశారో, ఎంత కాలానికో, దాని మీద అప్పీలు ఎక్కడ చేసుకోవాలో చూడు. గడువు రాయలేదంటే అదే మీ మొట్టమొదటి పాయింటు. అప్పీలుకి రోజులు లెక్క ఉంటుంది, అందరూ నినాదాల్లో ఉండగా ఆ రోజులు అయిపోతాయి, తర్వాత ఎంత మంచి లాయరొచ్చినా ఆలస్యం ఎందుకైందో చెప్పుకోవడంతోనే సగం కేసు పోతుంది. యూనియన్ నిబంధనావళి కాపీ ఎవరి దగ్గరుందో వెతుకు, చాలామంది సభ్యులు దాన్ని జీవితంలో చూసి ఉండరు, ఎంత మంది సంతకాలు పెడితే సర్వసభ్య సమావేశం పిలవొచ్చో అందులోనే ఉంటుంది. ఆ సంతకాలు సేకరించు. ప్రత్యేకాధికారికి లెటర్ పెట్టండి, చేతికిచ్చి రసీదు తీసుకోండి, మూడే అడగండి. ఎన్నిక ఎప్పుడు, బ్యాంకు ఖాతా మీద సంతకం ఇప్పుడు ఎవరిది, ఒప్పందం చర్చలకి మా తరఫున ఎవరు కూర్చుంటారు. మర్యాదగా రాయండి. వాట్సాప్ గ్రూపులో ఆయన్ని బూతులు తిట్టడం వల్ల వచ్చేది ఏమీ లేదు, స్క్రీన్‌షాట్లు తప్ప, ఏ గ్రూపులోనైనా ఆఫీసు మనిషి ఒకడు ఉండనే ఉంటాడు.

నాకు అన్నిటికన్నా భయం వేసేది ఆ వేతన ఒప్పందం. లెక్కలు సరిచేయడానికి వచ్చినవాడు మూడేళ్ళ జీతం మీద సంతకం పెట్టి వెళ్ళిపోతే ఇక ఎన్నిక వచ్చినా ఏం లాభం? ఆయన మంచివాడే కావచ్చు, కానీ ఆయన జీతం మీ లైన్‌లోంచి రాదు, మీ ఓవర్‌టైము రేటు ఎంతైనా ఆయనకొకటే. ఎన్నికయ్యేదాకా పాత ఒప్పందమే కొనసాగించమని అడగడం న్యాయమైన కోరిక, మేనేజ్‌మెంట్ కాదంటే, ఏ ఒప్పందమైనా సభ్యుల ఓటింగ్‌లో నెగ్గితేనే అమల్లోకి రావాలని పట్టుబట్టండి.

ఇక చందా. ఆపకు. కోపంలో అందరికీ ముందు తోచేది అదే గానీ చాలా యూనియన్ల నిబంధనల్లో చందా బాకీ ఉన్నవాడికి ఓటు ఉండదు. రేపు ఎన్నిక ప్రకటించే రోజున ఓటర్ల లిస్టులో ఎవరు ఉంటారంటే, చందా కట్టినవాళ్ళు మాత్రమే. నిరసనగా నువ్వు చందా ఆపేస్తే నిన్ను తీసేయాలనుకున్నవాడి పని నువ్వే చేసిపెట్టినట్టు. పైగా సభ్యుల సంఖ్య పడిపోతే కొన్ని చోట్ల గుర్తింపే పోతుంది. ప్రతి నెలా జీతం స్లిప్పులో ఆ కటింగ్ లైను కనబడేలా దాచుకో, అదే నీ సభ్యత్వానికి సాక్ష్యం.

సభ్యుల లిస్టు ఎంత పెద్ద ఆయుధమో కొరియా టీచర్లని అడగాలి. దక్షిణ కొరియాలో టీచర్ల యూనియన్‌కి దాదాపు 60 వేల మంది సభ్యులు, వాళ్ళలో ఉద్యోగంలోంచి తీసేసినవాళ్ళు 9 మంది. ఆ 9 మందిని సభ్యులుగా ఉంచుకోవడం చట్టవిరుద్ధం, మీ నిబంధన మార్చుకోండి అని ప్రభుత్వం చెప్పింది. యూనియన్ సభ్యుల మధ్య ఓటింగ్ పెట్టింది, ఎక్కువమంది మార్చం అన్నారు. 2013 అక్టోబర్ 24న, మీరసలు చట్టం ప్రకారం యూనియనే కాదు అని ఒక నోటీసు పంపించేసింది ప్రభుత్వం. 9 మంది కోసం 60 వేల మందికి గుర్తింపు పోయింది. ఆ నోటీసు చట్టవిరుద్ధం అని సుప్రీంకోర్టు చెప్పింది 2020 సెప్టెంబర్ 3న, అంటే దాదాపు ఏడేళ్ళకి. నాకు ఇందులో నచ్చింది ఏంటంటే ఆ 9 మందిని వదిలేయాలా వద్దా అన్నది నాయకులు గదిలో కూర్చుని తేల్చలేదు, సభ్యుల్ని అడిగారు, అందుకే ఏడేళ్ళు చీలిపోకుండా నిలబడగలిగారు. మీరూ ధర్నా చేయాలా వద్దా అన్నది సభ్యుల్నే అడగండి, చేతులెత్తి కాదు, చీటీల మీద.

అంతర్జాతీయ రూల్స్ గురించి ఎవరైనా ఉపన్యాసం ఇస్తే ఎంత వరకు నమ్మాలో కూడా చెప్తా. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1948లో చేసిన 87వ ఒడంబడికలో, కార్మికులు తమ ప్రతినిధుల్ని పూర్తి స్వేచ్ఛగా ఎన్నుకోవచ్చు, అధికారులు అందులో జోక్యం చేసుకోకూడదు అని 3వ అధికరణలో, పాలనాపరమైన ఉత్తర్వుతో యూనియన్‌ని రద్దు చేయడం గానీ సస్పెండ్ చేయడం గానీ కుదరదని 4వ దాంట్లో ఉంది. మీకు బాగా పనికొచ్చే మాటలే. అయితే కార్మికులు కూడా దేశ చట్టాన్ని పాటించాలని 8వ దాంట్లో ఉంది, ఆ ముక్క ఉపన్యాసాల్లో ఎవరూ చెప్పరు. ఇండియా లాంటి దేశాలు దాన్ని ఇంకా ఆమోదించనే లేదు. ఆమోదించకపోయినా ఆ సంస్థలో 1951 నుంచి సంఘ స్వేచ్ఛ కమిటీ అని ఒకటుంది, ఆమోదించని దేశాల మీద కూడా ఫిర్యాదు తీసుకుంటుంది, కాకపోతే నువ్వు ఒక్కడివి రాస్తే తీసుకోదు, యూనియన్ పెట్టాలి, లేదా మీరు చేరి ఉన్న పై సమాఖ్య పెట్టాలి. అది తాళం తీయించదు, పోలీసుల్ని పంపదు, కానీ సిఫార్సులు బయట పెడుతుంది, కోర్టులో మీ లాయరుకి అది పనికొస్తుంది. సమాఖ్య వాళ్ళకి ఒక లెటర్ పెట్టి చూడండి, పోయేదేం లేదు.

ఇంట్లో వాళ్ళ భయం అబద్ధం కాదు, దాన్ని తీసిపారేయకు. పని ఆపకుండా, రాతపూర్వకంగా, గుంపుగా చేస్తున్నావని వాళ్ళకి చెప్పు. ఒంటరిగా లెటర్ మీద మొదటి సంతకం నీదే పెట్టకు, గుండ్రంగా చుట్టూ సంతకాలు పెట్టించు, మొదటివాడెవడో తెలియకుండా. పాత పద్ధతే గానీ ఇప్పటికీ పనిచేస్తుంది.

సస్పెండ్ అయిన మీవాడి విషయం మాత్రం ఈ వారమే చూడు, ధర్నా సంగతి తర్వాత. అతన్ని తీసుకుని నేరుగా ఆ లాయరు దగ్గరికి వెళ్ళండి. వకాలత్, అంటే లాయరుకి కేసు అప్పగిస్తూ రాసిచ్చే కాగితం, అతని పేరు మీద ఉందా యూనియన్ పేరు మీద ఉందా అడగండి, యూనియన్ పేరు మీద ఉంటే కొత్తగా అతని సొంత పేరు మీద సంతకం పెట్టించుకోమనండి. ఫీజు ఇప్పటిదాకా యూనియన్ ఇచ్చేది కదా, ఇకనుంచి ప్రత్యేకాధికారి ఆపేస్తాడో ఇస్తాడో తెలియదు, అతను ఇవ్వాల్సిందేనని ఆ మూడు ప్రశ్నల లెటర్‌లోనే నాలుగోదిగా రాయండి, ఈలోపు మీ లైన్ వాళ్ళు తలా కొంత వేసుకోండి. ఎంక్వైరీ తేదీ ఎప్పుడో, జవాబు ఎప్పట్లోగా ఇవ్వాలో కాగితం మీద రాయించుకో. సస్పెన్షన్ ఆర్డర్, చార్జిషీటు ఒరిజినల్స్ యూనియన్ ఆఫీసు బీరువాలో ఉన్నాయేమో అడుగు, ఉంటే తాళం వాళ్ళ దగ్గరుంది కాబట్టి ఈరోజే కాపీల కోసం అప్లికేషన్ పెట్టించు.